నీలాలమడుగుకు ఎన్ని మజిలీలు

అందరితో పాటు తానూ నవ్వేస్తే పోతుందనుకున్నాడు లింగస్వామి. నవ్వాడు కూడా. ఆ నవ్వు మూడు రోజులైనా నాలుక మీద ముక్కిన నూనెలా అంటుకునే ఉంది.

భువనగిరిలో అచ్చవుతున్న ఆ పుస్తకం పాలమందరాజు కథ. గొర్రెల కాపరుల ఇళ్లలో తరతరాలుగా చెప్పుకుంటున్నది. అందులోని కంచులగట్టు, నీలాలమడుగు భూమ్మీద ఎక్కడా లేవు. కథలోనే పుట్టాయి, కథలోనే ఉన్నాయి. కరువొస్తే రాజు మందను గట్టు నుంచి మడుగుకు తోలుకుపోతాడు. ఆ దారి మూడు మజిలీలన్నాడు కొత్తకోట దిక్కున పేరున్న కథకుడు బీరన్న. ఏడన్నది లింగస్వామి పెద్దమ్మ గుర్వమ్మ. ఇద్దరి దగ్గరా కూర్చుని రాసుకొచ్చింది లింగస్వామే. కాలేజీ చదివి బడిపంతులైన కురుమల బిడ్డ.

పుస్తకానికి పెద్దదిక్కు రఘుపతిరావు. అట్ట మీద ఇద్దరి పేర్లూ పడతాయి. ఆయన కథకు ఒక పటం గీయించి, పట్నంలో డబ్బు పోసి అచ్చుకు లోహపు బ్లాకు కూడా చేయించాడు. అందులో గట్టుకూ మడుగుకూ నడుమ మూడే చుక్కలు.

"ఏడెట్లయితదయ్యా? గొర్లోళ్లకు మూడు దాటితే అన్నీ ఏడే!" అని పాన్ రసం కిటికీలోంచి ఉమ్మి, ఎర్రటి పళ్లతో నవ్వాడు ఆ రోజు. ప్రెస్సులో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. లింగస్వామీ నవ్వి, ఆ నవ్వు ఊపులోనే పేజీ అడుగున ఒక ముక్క రాసిచ్చాడు: "ఏడు అనుట వృద్ధురాలి మతిమరుపు."

గుర్వమ్మ పెనిమిటి, పెద్దబాపు ఐలేశం పోయి పదేండ్లు. ఆయన చెప్పిన కథ ఇప్పుడు గుర్వమ్మ నోట్లో తప్ప ఎక్కడా లేదు. ఆ ముక్క అచ్చయితే అది ఇక మతిమరుపు కథే.

ఆదివారం ఊరికి పోయాడు. గుర్వమ్మ దొడ్డిలో అప్పుడే ఈనిన గొర్రెపిల్ల ఒంటి జిగురు తన కొంగుతో తుడుస్తోంది. అతని చేయి తెలియకుండానే ముక్కు దగ్గరికి పోయింది.

"ఏంరా లింగయ్యా, వాసనొస్తాందా? నీ తొట్టెల గీ దొడ్లనే గట్టిన్రు."

చేయి దించుకున్నాడు. తన మీద తనకే రోత పుట్టింది. "పెద్దమ్మా, మడుగుకు ఎన్ని మజిలీలు?"

"ఎన్నిసార్లు అడుగుతవ్? ఏడు."

"బీరన్న మూడన్నడు."

"మూడే గద!"

"అరే, నువ్వేమో ఏడంటివి!"

"ఆయన పోయే కథ చెప్పిండు, నేను వచ్చే కథ చెప్పిన. మడుగు కాడ రాజు లగ్గం కాంగనే జనం లేస్తరు, బీరన్న డోలు సర్దుకుంటడు. మీ పెద్దబాపు మందను మల్ల గట్టుకు చేర్చినంకనే లేచెటోడు."

"దారి ఒక్కటే గదనే?"

"దారి ఒక్కటే. పోంగ కరువు. గడ్డిపోస లేని జాగల మంద ఎందుకాగుతది? రాంగ వానలు వడ్డయ్, గొర్లు ఈనినయ్. నాలుగొద్దుల పిల్ల ఎంత దూరం నడుస్తదిరా? నువ్వు నడిచినవా?"

ఇద్దరి మాటా నిజమే. చదువుకున్నవాడికే తెలియలేదు. ఇంతకీ ఏం రాసినవని ఆమె అడగలేదు. చెంబెడు సల్ల చేతికిచ్చి పిల్లను తల్లి కిందికి తోసింది. ఆ మాత్రం దయ దొరికినందుకు అతని కళ్లు చెమర్చాయి.

మర్నాడు ప్రెస్సులో అంతా విని రఘుపతిరావు తలూపాడు. "మంచిదే. అయితే తిరుగు దారి మొత్తం తీసేద్దం. లగ్గంతోటి కథ ఖతం. పటం గూడ చెడదు."

అన్నంలో వెంట్రుక తీసి పారేసినంత తేలిగ్గా అన్నాడు.

"మరి మంద ఏమయితది సార్?"

"కథల గొర్లయ్యా! ఎవడు లెక్కవెడతడు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. లింగస్వామి నవ్వలేదు.

"మా పెద్దమ్మ పెడ్తది. అట్ట మీద నా పేరు తీసేసుకోండ్రి. తిరుగు దారి ఉంచుండ్రి."

రఘుపతిరావు నమలడం ఆపాడు. "మల్ల నా ఒక్కని పేరేనా?"

"మీ ఒక్కలదే."

"పటం?"

"పటం గట్లనే ఉండనీయండ్రి. కింద ఒక మాట రాస్త."

"రాస్కో, రాస్కో. నాకేం ఫికర్ లేదు." ఏడాది పాటు ఊరూరు తిరిగి చేసిన పని మీది నుంచి పేరు ఇంత తేలిగ్గా ఊడిపోతుందని లింగస్వామి అనుకోలేదు. ఆ మనిషి కళ్లల్లోని సంబరం ఆ పాన్ రసం కన్నా రోతగా ఉంది.

అక్షరాలు కూర్చే బక్కయ్య ఇంతసేపూ తల ఎత్తలేదు. లింగస్వామి దగ్గరికి రాగానే గొంతు తగ్గించి, "సారూ, ఆ మతిమరుపు ముక్క నేనింక కూర్చనే లే. చెయ్యి రాలే," అన్నాడు.

లింగస్వామి అతని ముందున్న కాగితం అందుకున్నాడు. పాత ముక్క కొట్టేసి కొత్తది రాశాడు: "పోవునపుడు మూడు, వచ్చునపుడు ఏడు. ఐలేశం చెప్పినది, గుర్వమ్మ నిలిపినది."

బక్కయ్య కాగితాన్ని వెలుగుకు పట్టి చదివాడు. "ఏడు అంకె వెట్టాల్నా, అక్షరాల్నా? అంకైతే రేపు ఎవలన్న దిద్దుతరు."

"అక్షరాలే పెట్టు, బక్కన్నా."

సీసం నలుపెక్కిన వేళ్లు గూళ్లలో వెతికి ముందు 'ఏ' తీశాయి, తర్వాత 'డు'.