నల్లద్దాల ఫోటో

ఈ అరబ్బు దేశంలో, మలాజ్‌లోని మా స్టూడియోకు ఉదయకిరణ్ అనే జగిత్యాల మేస్త్రీ ఒక పాత కలర్ ఫోటో తెచ్చాడు. రంగులు ఎర్రబారాయి. నీలం కోటు వేసుకొని, నల్లద్దాలు పెట్టుకున్న మనిషి కారు మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు. కోటు స్టూడియోది, కారు మా యజమానిది, అద్దాలు నావి. తొంభై ఒకటిలో, యుద్ధం ఆగిన కొత్తలో, క్షేమంగా ఉన్నామని చెప్పడానికి మనవాళ్లంతా ఈ వేషంలోనే ఫోటోలు దిగి ఇంటికి పంపేవారు.

"మా బాపు రాజేశం, చిచ్చా. ఇది పంపినంక రెండేండ్లకు ఖతీఫ్‌ల పనికాడ పడి సచ్చిపోయిండు. జర అద్దాలు తీసి కండ్లు పెట్టు. ఇట్ల ఉంటె మా అవ్వ గోడకు పెట్టనిస్తలేదు."

"ఎందుకప్పా?"

"మా అక్క జరమొచ్చి సచ్చిపోయిందని అవ్వ ఉత్తరం రాయించింది. దానికి బాపు పంపిన జవాబు గిదే. బిడ్డ పోతె కోటేసుకొని నవ్విండని ఇప్పటికీ కోపం."

యుద్ధంలో ఆగిన ఉత్తరాలన్నీ ఆ మే నెలలో ఒక్కసారిగా వచ్చాయి. రాజేశానికి చదువు రాదు. ఆ ఉత్తరం చదివి చెప్పింది నేనే. ఏడ్చి ఏడ్చి అతని కళ్లు వాచిపోయాయి. అలా చూస్తే ఇంట్లోవాళ్లు ఇంకా కుమిలిపోతారని అద్దాలు పెట్టాను, బలవంతంగా నవ్వించాను. ఇరవై ఏళ్ల తెలివితక్కువ వెధవను.

కంప్యూటర్ ఎవరి కళ్లయినా తెచ్చి అతికిస్తుంది. నాకు మనసొప్పలేదు. అప్పట్లో కోటు ఫోటోకు వచ్చినవాళ్లకు అదే రీలులో ఇక్కడ ఉండేందుకిచ్చే ఇఖామా కార్డు ఫోటో కూడా తీసేవాళ్లం. దానికి అద్దాలు ఉండకూడదు. ఆ పాత నెగటివ్‌ల డబ్బాలు పారెయ్యమని నా భార్య ఆసిఫా ఇన్నేళ్లుగా తిడుతూనే ఉంది. రెండు రోజులు వెతికితే రాజేశం దొరికాడు, ఆ వాచిన కళ్లతోనే.

ఉదయకిరణ్ వీడియో కాల్‌లో తల్లి ముత్యవ్వకు ఆ ఫోటో చూపించాడు. ఆమె చాలాసేపు చూసింది.

"అక్కా, నీ జాబు చదివింది నేనే. అద్దాలు పెట్టిందీ నేనే. తప్పు నాది," అన్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆ పొద్దు బువ్వ తిన్నడా?" అని అడిగింది.

ఆ రోజు ఆ మాట నేను రాజేశాన్ని అడగనే లేదు.