అల్లుడి కాళ్ల కొలత

గస్తీ బండి షెడ్డులోకి రాగానే అందరూ ఉక్కు రేకుల మీద దెబ్బలు వెతుకుతారు. సీట్లు కుట్టే పెద్దాయన మాత్రం వెనక తలుపు తీసి నేల చూస్తాడు. ఆ బండిలో సీట్లు నేలకు బిగించరు, పైకప్పు నుంచి పట్టీలతో వేలాడదీస్తారు. దారిలో మందుపాతర పేలితే ఆ అదురు నేలలోంచే తన్నుకొస్తుంది మరి. అందుకే కాళ్లు కూడా ఎదురుగా వేలాడే పట్టీ మీదే పెట్టుకోవాలి.

ఆవేళ మూడో సీటు ముందు, నేల మీద రెండు బురద అడుగులు. చేటలంతేసి.

ఎవరివో అడగక్కర్లేదు. చెప్పాపెట్టకుండా తన కూతుర్ని పెళ్లాడిన ఆ తాటిచెట్టు సిపాయివి. ఏడాది దాటినా పెద్దాయన అతనితో ఒక్క మాటా ఆడలేదు, వాళ్ల గడపా తొక్కలేదు.

"మేస్త్రీ," అన్నాడు, పక్కనే నిలబడ్డ అల్లుడి వైపు చూడకుండా, "కాళ్లు కింద ఎందుకు పెట్టాడో కనుక్కో."

మేస్త్రీ నట్లు బిగిస్తూ తలైనా ఎత్తలేదు. "వినపడిందిగా, చెప్పు నాయనా. మీ ఇద్దరి మధ్య టపా మోయలేక చస్తున్నా."

"పట్టీ మరీ దగ్గరగా ఉంది. మోకాళ్లు గడ్డానికి తగుల్తున్నాయి. తిమ్మిరెక్కితే దించేస్తున్నా," అన్నాడు అల్లుడు. "పొద్దున్నే మళ్లీ వెళ్లాలి."

పెద్దాయన మెడలో టేపు తీసి, అల్లుణ్ణి సీట్లో కూర్చోబెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ప్యాంటు మోకాలి దగ్గర చిరుగు. కుట్టినట్టే తెలియని సన్నటి కుట్టు. కూతురికి తను నేర్పిన కుట్టే అది. వేలితో ఒకసారి తడిమాడు.

అల్లుడు కాలు లాక్కోబోయాడు.

"కదలకు!"

మేస్త్రీ చేతిలో పానా ఆగిపోయింది. "హమ్మయ్య. నా టపా ఉద్యోగం ఊడింది."

పెద్దాయన పాత పట్టీ విప్పి, జానెడు ముందుకు, నేలకు జానెడు ఎత్తున కొత్తది కట్టాడు. మూడు వరసలు కుట్టి, తనే వేలాడి చూశాడు.

"ఇది తెగదు. కాళ్లు దించావో, ఊరుకోను."

"దించను మావయ్యా."

"ఆఁ, అందరూ అనేదే. నేను నేలనే అడుగుతా."

మర్నాడు సాయంత్రం బండి వచ్చేదాకా పెద్దాయన సూదిలో దారం ఎక్కించనేలేదు. రాగానే అందరికన్నా ముందు వెనక తలుపు తీశాడు. మూడో సీటు ముందు నేల అద్దంలా ఉంది. కొత్త పట్టీ మీద మాత్రం చేటలంతేసి బురద అడుగులు రెండు.

దులపడానికి తెచ్చిన బ్రష్షు జేబులోనే ఉండిపోయింది.

"పద," అన్నాడు అల్లుడితో. "అమ్మాయి ఎదురుచూస్తుంటుంది. నేనూ వస్తా."