పదమూడు గంటల దూరం

వదిన పొద్దున్నే విమానాశ్రయానికి వచ్చి, గొంతు సవరించుకుని మైకు ముందు కూర్చునేది. ఇంట్లో ఆడపడుచు పిలిచే పిలుపే అక్కడా అందరికీ అలవాటైపోయింది. ఏ విమానం ఎంత దూరం వెళుతుందో, ఎంతసేపు పడుతుందో ప్రయాణికులకు చెప్పడం ఆమె పని. మైకులో ఆమె ఎంతసేపని చెబితే ప్రయాణం సరిగ్గా అంతసేపే పట్టేది. ఒకసారి తుమ్ము అడ్డొచ్చి రెండు గంటలు కాస్తా పన్నెండని వినబడితే, ఆ విమానం పాపం పన్నెండు గంటలూ ఎగిరింది. అప్పటినుంచి ఆమెకు జలుబు చేస్తే అధికారి తనే సెలవు ఇచ్చేసేవాడు.

"ఇవాళ ఇంట్లో పనుంది వదినా, ఓ అరగంట తగ్గించు," అని పైలట్లు బతిమాలేవారు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పడానికే నాకు జీతం," అనేది.

ఆ రోజు ఆడపడుచు ప్రయాణం. వదిన కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె ఒళ్లో నిద్రపోయిన పిల్ల, ఇప్పుడు బరువులెత్తే పోటీకి వెళుతోంది. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది, కాబట్టి ఇదే ఆఖరి అవకాశం. పొగమంచుకు విమానం ఆగిపోయింది. అక్కడ పోటీదారులను తూచే గది తలుపు ఇంకో పన్నెండు గంటల్లో మూసేస్తారు. ప్రయాణమేమో పదమూడు గంటలు.

ఆడపడుచు మైకు గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"రెండు గంటలు మింగెయ్ వదినా."

"మింగను."

"నువ్వన్నదల్లా నిజమైపోతుంటే ఇక అబద్ధమెక్కడుంది?"

"నీకోసం మార్చానంటే అదే అబద్ధం."

"అన్నయ్య నిన్నెలా భరిస్తున్నాడో."

"నిన్ను ఎత్తుకు మోసినవాడికి నేనో బరువా?"

మంచు విడింది. వదిన మైకు నొక్కింది. "దూరం పదకొండు వేల కిలోమీటర్లు. ప్రయాణ సమయం పదమూడు గంటలు."

ఆడపడుచు సంచీ భుజాన వేసుకుంది. "వెళ్ళొస్తా. అంత దూరం పోయి మూసిన తలుపు చూసొస్తా."

ఆ చిన్నబోయిన ముఖం చూడగానే, ప్రయాణమయ్యేవాళ్లు బెంగపడితే ఇంట్లో పెద్దవాళ్లు అనే మాటే వదిన నోట వచ్చింది.

"ఎంత దూరమే పిచ్చిదానా, ఇక్కడిక్కడే."

మైకు మీద ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది. ఇన్నేళ్లలో ఆమె దాన్ని ఆపడం మరిచింది ఆ ఒక్కసారే.

విమానం లేచింది. టీ బండి మూడో వరస దాటకముందే పైలట్ బెల్టులు పెట్టుకోమన్నాడు. కిందే పోటీ జరిగే ఊరు. టీ అందలేదని ఒకాయన గొణిగాడు గానీ, మిగతావాళ్లు సంచులు సర్దుకున్నారు.

వదిన తిన్నగా అధికారి దగ్గరికి వెళ్లింది. "మైకు ఆపలేదు. ఏం శిక్ష వేస్తారో వెయ్యండి."

"సమయం సరిగ్గానే చదివారుగా. తర్వాతది ఇంటి మాట. దానికి మా దగ్గర శిక్ష లేదమ్మా."

"నా దగ్గరుంది," అని, వారం రోజులు మైకు ముట్టకుండా సామాన్ల గదిలో పని అడిగి తీసుకుంది.

మర్నాడు ఆ గదిలో పెట్టెలు సర్దుతుండగా ఫోన్ మోగింది.

"ఎత్తేశా వదినా. అందరికంటే ఎక్కువ."

వదిన చేతిలోని పెట్టె దించి దాని మీదే కూర్చుంది.

"ఏం, మైకు లేకపోతే నీకు నోరు పెగలదా?"

"ఎప్పుడొస్తున్నావ్?"

"రేపు. తిరిగి రావడానికి పదమూడు గంటలూ పడుతుందట. ఇక్కడ చెప్పేది నువ్వు కాదుగా."

"పట్టనీ," అంది వదిన. "పతకం మెడలోంచి తియ్యకు. పదమూడు గంటలూ అందరూ చూస్తారు."