పురుగుల నేత

ఉప్పలమ్మ నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతటికీ తెలుసు. అలాంటి మనిషి ఒక మాటను ఏడాదిపాటు పంటి బిగువున దాచుకుంది. ఆ మాట పరమేశ్వర్‌ది. ఎవరిది వారికి వడ్డీతో సహా అప్పగించాలని ఆమె పంతం.

దేవరకొండ దగ్గరి ఆ ఊర్లో పరమేశ్వర్‌కు బత్తాయి తోట ఉంది, గట్టున తేనెటీగల పెట్టెలున్నాయి. చూపు మందగించి మగ్గం విడిచిన తర్వాత ఉప్పలమ్మ మగడు దశరథం కూడా ఆ పక్కనే పెట్టెలు పెట్టుకున్నాడు. పూత లేని చలికాలంలో ఖాళీ తేనెపట్లను తీసి దాచాలి. బత్తాయి పూతకు వాటినే మళ్లీ పెట్టెల్లో పెడితే, ఈగలు కొత్తగా మైనం కట్టే పని లేకుండా నేరుగా తేనె నింపుతాయి. పోయిన ఏడాది దశరథం తను దాచిన పట్లను తోటలో విప్పి చూస్తే ఏముంది, పురుగు మైనమంతా తినేసి తెల్లటి గూళ్లు అల్లి పెట్టింది. కూలీలందరి ముందు పరమేశ్వర్ పకపకా నవ్వాడు.

“దశరథన్న మగ్గం ఇడిసిండు గని, ఆయనింట్ల నేత ఆగలే. పురుగులు గూడ నేస్తున్నయి.”

అందరూ నవ్వారు. దశరథం కూడా నవ్వాడు. ఆ రోజు నుంచి మాత్రం పెట్టెల వైపు పోలేదు. బతుకంతా పట్టుచీరలు నేసిన మనిషి, చేతులు ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఆ ఖాళీ చేతులను చూసినప్పుడల్లా ఉప్పలమ్మకు కడుపు మండిపోయేది.

ఈ చలికాలం ఆమే నడుం కట్టింది. నిర్మలమ్మ కిరాణా దుకాణంలో ఐస్‌క్రీం ఫ్రిజ్ ఖాళీగా పడి ఉంటే, పట్లను అందులో గడ్డకట్టించి పురుగు గుడ్లను చంపింది. తర్వాత మగ్గం గదిలో కిటికీలన్నీ తెరిచి, దూలానికి ఎడంఎడంగా వేలాడదీసింది. ఆ పురుగుకు చీకటీ ఉక్కా కావాలి, గాలీ వెలుతురూ గిట్టవు.

పరమేశ్వర్ మాత్రం తన పట్లను పెట్టెల్లోంచి తీసినవి తీసినట్టే ప్లాస్టిక్ కవర్లో చుట్టి, నోరు బిగించి కడుతున్నాడు.

“గాలి గూడ సొరదు వదినా,” అన్నాడు గొప్పగా.

కవరు లోపల, తేనెపట్టు అంచున, మైనం తినే పురుగులకు గుడ్లు పెట్టే బూడిదరంగు రెక్కల తల్లిపురుగొకటి కూర్చుని ఉంది. ఉప్పలమ్మ దాన్ని చూసింది. ఒక్క మాట చెబితే చాలు, అతని పట్లు దక్కేవి.

“మంచిగ కట్టినవ్ పరమేశా,” అంది.

ఆ పూట కడుపునిండా తిన్నది. చలికాలమంతా ఆమె పురుగుల పక్షమే. తినండి తల్లీ, కొసరి కొసరి తినండి అని మనసులోనే వాటికి వడ్డించింది.

బత్తాయి పూత వచ్చింది. “ఇయ్యాల నువ్వు రావాలె. నీ కండ్లతోని చూడాలె,” అని దశరథాన్ని చెయ్యి పట్టి తోటకు తీసుకుపోయింది. కూలీల ముందు పరమేశ్వర్ కవరు కోశాడు. పొట్టు రాలింది, తెల్లటి పురుగులు మెలికలు తిరుగుతూ కాళ్ల మీద పడ్డాయి. పట్లు లేవు, గూళ్లే ఉన్నాయి. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. ఉప్పలమ్మ ప్రాణం హాయిగా ఉంది.

“సూడున్రి,” అంది అందరికీ వినబడేలా. “పరమేశు ఇంట్ల గూడ నేత పడ్డది. మగ్గం లేకున్నా పురుగులు ఎంత మంచిగ నేసినయో.”

పోయిన ఏడాదికన్నా గట్టిగా నవ్వారు జనం. పరమేశ్వర్ తల వంచుకున్నాడు. ఆ సంతోషం పంచుకుందామని ఆమె మగడి వైపు తిరిగింది.

దశరథం నవ్వుతున్నాడు. పోయిన ఏడాది నవ్విన నవ్వే అది. ఉప్పలమ్మకు అప్పుడు తెలిసింది. పరమేశ్వర్ ఎన్నడూ మగ్గంలో కూర్చున్నవాడు కాదు. ఆ మాట తగిలేది అక్కడ ఒక్కరికే.

దశరథం వంగి, ఒక గూడును రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు.

“పోగు సన్నగనే ఉన్నది,” అన్నాడు.

చేతులు వెనక్కి కట్టుకుని ఇంటి దారి పట్టాడు. ఉప్పలమ్మ పిలవబోయింది. ఏమని పిలవాలో తోచక, నోరు తెరుచుకుని అక్కడే నిలబడిపోయింది.