కీటో ఊరేగింపులో ఎఫ్రాయిన్

గుడ్ ఫ్రైడే పొద్దున్నే ఒతిలియా కీటో పట్నంలో బస్సు దిగింది. మొగుణ్ని వెతకడానికి వచ్చింది. దొరికితే మెడబట్టి ఊరికి లాక్కుపోవాలని, పొరుగింటి ముసలమ్మ త్రాన్సితో సమాధి ముందు మోకాళ్ల మీద నిలబెట్టాలని ఆమె పంతం.

ఐదేళ్ల కిందట ఎఫ్రాయిన్ లారీ అంబాతో ఊరి దారిలో లోయలోకి పడింది. తప్పతాగి నడిపానని అతనే ఒప్పుకున్నాడు. సంతకని ఎక్కిన ఆ త్రాన్సితో ముసలమ్మ, ఆమె చంకలోని మనవరాలు అక్కడికక్కడే పోయారు. ఒతిలియాకి ఒక్కగానొక్క కూతురు, పదిహేడేళ్ల మిరెయా కూడా పోయింది. ఎఫ్రాయిన్ మాత్రం ఎడమకాలి వేళ్లు పోగొట్టుకుని బతికాడు. జైలుకెళ్లాడు, బయటికొచ్చాడు, ఇంటి ముఖం చూడలేదు. అతను కీటోలోనే ఉన్నాడని, గుడ్ ఫ్రైడేకి ముసుగేసుకుని సిలువ మోస్తున్నాడని అతని చెల్లెలు సోయిలా ఈమధ్యే ఫోన్లో నోరు జారింది.

ఆ సోయిలాయే బస్టాండుకి ఎదురొచ్చి మూట అందుకుంది.

“ముందు ఇంటికి పద వదినా. ఫనెస్కా వండాను. గుమ్మడికాయ, గింజలు, ఎండుచేప అన్నీ వేసి రాత్రంతా పొయ్యి దగ్గరే ఉన్నా. ఇవాళ ఆ పులుసు తాగకపోతే ఎట్లా?”

“నీ పులుసు కోసం వచ్చానా నేను? మీ అన్న ఎక్కడ?”

“నాకు మాత్రం తెలుసా? గదులు మారుస్తుంటాడు. ఊరేగింపులోనే పట్టుకోవాలి. అందరిదీ అదే ఊదారంగు అంగీ, అదే మొనదేలిన ముసుగు. కాళ్లు చూసుకుంటూ పోవాలంతే.”

“బాగుంది. కాపురం చేసినన్నాళ్లూ వాడి మొహం చూసి ఏం సుఖపడ్డానని, ఇప్పుడు కాళ్లు వెతకాలి!”

పాత పట్నం సందులన్నీ ఎక్కి దిగారు. ముసుగులు కట్టుకునే చర్చి వసారాలోకి కావలివాడు ఆడవాళ్లని రానివ్వలేదు. మెట్ల మీద కూర్చున్న వాళ్ల పాదాలు చూశారు. కొవ్వొత్తులమ్మేవాళ్లు, ప్లాస్టిక్ కోట్లమ్మేవాళ్లు దారి కడుతున్నారు. ఒకడు ఒంటికి ముళ్లతీగ చుట్టుకుని నిలబడితే పక్కవాడు బిగించి ముడి వేస్తున్నాడు. ఇంకొకడి వీపు మీద వాళ్ల అమ్మే దురదగొండి కట్టతో కొడుతూ ఏడుస్తోంది. ఒతిలియా అవేవీ నిలబడి చూడలేదు. తలొంచుకుని నడిచింది. మట్టి పాదాలు, గొలుసులు ఒరుసుకుని నెత్తురు కారే పాదాలు, ముసలి పాదాలు. తన మనిషివి లేవు.

మిట్టమధ్యాహ్నం ఊరేగింపు కదిలింది. జనంలో సోయిలా తప్పిపోయింది. ఒతిలియా తోసుకుంటూ, తిట్లు తింటూ పక్కనే నడిచింది. ఎత్తుగా ఎక్కే ఒక వీధి మొదట్లో, దూలమంత సిలువ మోస్తున్న ఒక ముసుగు మనిషి ఎడమకాలు ఈడుస్తున్నాడు. ఆ పాదానికి వేళ్లు లేవు.

“ఎఫ్రాయిన్!”

ఆ మనిషి ఆగిపోయాడు. వెనకవాడు వచ్చి గుద్దుకున్నాడు.

“నడవన్నా, నడు! దారికడ్డం నిలబడకు,” అని కేకేశాడు ఎవరో.

అతను నడిచాడు. ఆమె కూడా నడిచింది.

“దేవుడి ముందు ఏడవడానికి తీరిందా నీకు? నా ముందు ఏడవడానికి తీరలేదా ఐదేళ్లుగా? ఆ ముసుగు తియ్. చూడనీ అందరినీ, కన్నకూతుర్ని మింగినవాణ్ని.”

వాన మొదలైంది. వీధి చివర మూసి ఉన్న దుకాణం అరుగు దగ్గర అతను వరసలోంచి పక్కకి వచ్చి సిలువ దించాడు. ముసుగెత్తాడు. గడ్డం నెరిసి, చెంపలు పీక్కుపోయి ఉన్నాయి.

“ఊరికి రా,” అంది ఒతిలియా. “త్రాన్సితో కొడుకు ముందు మోకరిల్లు. ఎట్లా జరిగిందో ఊరందరి ముందూ చెప్పు.”

“మోకరిల్లుతా. చెప్పమనకు.”

“ఎందుకు చెప్పవురా? నోరు పడిపోయిందా?”

అతను దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

“బండి నేను నడపలేదు, ఒతిలియా. ఆ రోజు తాగి ఉన్నా, కళ్లు తెరుచుకోవడం లేదు. ‘నువ్వు దిగు నాన్నా, నేను నడుపుతా’ అంది మిరెయా. తాళాలు నేనే ఇచ్చాను. మలుపు దగ్గర… స్టీరింగు దాని చేతుల్లోనే ఉంది. పోలీసులొచ్చేలోపు దాన్ని పక్క సీట్లోకి జరిపి, నేను నడిపానని చెప్పాను.”

ఒతిలియా అరుగు మీద కూలబడింది. కూతురికి బండి నేర్పింది ఆమె మొగుడే. ఖాళీ బయలులో బండి తిప్పుతూ అమ్మా చూడమ్మా అని మిరెయా చెయ్యూపడం ఆమె కళ్లారా చూసింది. చచ్చినవాళ్ల పండగకి త్రాన్సితో కొడుకు తన తల్లి సమాధి మీద రొట్టెబొమ్మ పెట్టి, ఇంకొకటి మిరెయా సమాధి మీద పెడతాడు. ఈ పిల్ల ఏం పాపం చేసిందని అంటూ కళ్లు తుడుచుకుంటాడు.

“ఇంకెవరికి తెలుసు?”

“ఎవరికీ తెలీదు. నీకూ చెప్పకూడదనే రాలేదు.”

“తాగుతున్నావా ఇంకా?”

అతను ముసుగు అంచు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అయినా సారా వాసన ఆమెకి తెలిసింది.

“అయితే నువ్వు రావద్దు,” అంది. “ఎప్పటికీ రావద్దు. ఏదో ఒకరోజు తాగి వాగుతావు. తెలిస్తే ఊరివాళ్లు నా బిడ్డ సమాధి తవ్వి పారేస్తారు. నేను చచ్చానని కబురొచ్చినా రావద్దు.”

“సరే.”

“ఊళ్లో వాళ్లు నిన్ను తిడితే వాళ్లతో కలిసి నేనూ తిడతా. అందరికంటే ఎక్కువ తిడతా. వింటున్నావా?”

“తిట్టు,” అన్నాడు ఎఫ్రాయిన్.

అతను ముసుగు దించుకున్నాడు. సిలువ అతనొక్కడి వల్ల లేవలేదు. ఆమె లేచి, వెనక కొస పట్టుకుని భుజానికెత్తింది. అతను వరసలో కలిసిపోయాడు.

చీకటి పడేముందు సోయిలా ఆమెని చర్చి గోడవారగా పట్టుకుంది.

“తడిసి ముద్దయ్యావే వదినా! కనిపించాడా?”

“లేదు. ఎవడో కుంటివాణ్ని చూసి వాడే అనుకున్నా.” ఒతిలియా శాలువా పిండుకుంది. “నీకు వాడు ఫోన్ చేస్తే ఇంక నాకు చెప్పకు. వాడు నాకు చచ్చాడు.”

సోయిలా ఆమె మొహంలోకి చూసి, చెయ్యి పట్టుకుని బస్సు వైపు నడిపించింది.