గంట నాలుక

ఆ పొద్దున అంచెట్టి కొండల మీద ఆకాశం కిందికి దిగి మంచై కూర్చుంది. అట్లాంటి రోజు అడవిలో ఆవులను కళ్లతో కాయలేం, చెవులతోనే కాయాలి. పెద్దావు మెడలోని కొయ్యగంట లొటలొటమంటూనే ఉంది. పెయ్యకు కట్టిన చిన్న ఇత్తడి గంట మాత్రం వినబడలేదు. పొదలన్నీ వెతికాను. తీరా చూస్తే పెయ్య నా వెనకే మేస్తోంది.

ఇంటికి రాగానే ఆ గంట విప్పి నా భార్య కెంచమ్మకు ఇచ్చాను.

"దీని నాలుక ఊడిపోయినట్టుండాది, చూడు."

ఆమె తిప్పి చూసి నవ్వింది. "బాగానే ఉండాదే! నా నాలుకంత గట్టిగా ఉండాది." గంటను ఊపింది. "మోగలేదా?"

"గట్టిగా ఊపితే కదా మోగేది!"

మళ్లీ ఊపింది. కొట్టంలో పెయ్య చెవులు నిక్కించి ఇటు తిరిగింది. నాకేమీ వినబడలేదు.

కెంచమ్మ నవ్వు ఆగిపోయింది. దగ్గరికొచ్చి, గొంతు పెంచి చెప్పింది.

"ఈ మధ్య పిలిస్తే పలకవు. పొగరనుకున్నాను. చిరుత పక్కకొచ్చినా నీకు తెలీదప్పా. రేపట్నుంచి నేనూ అడవికి వస్తాను."

సంగటి పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. ఆమె ఏమన్నా అంటే తెలియకుండా పోతుందేమోనని, పెదవుల వైపే చూస్తూ తిన్నాను.