నత్తమ్మ నడక

సరస్సు ఒడ్డున పడవల రేవు దగ్గర బయల్దేరి, కొండ మీది ఊరెక్కి, అవతలి వైపు నుంచి అడవిదారిన దిగి మళ్లీ అదే రేవుకు చేరుకునే నడకదారి పొడవు పదకొండు కిలోమీటర్లు. అందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా అది నడవడానికి ఎంతసేపు పడుతుందన్న దగ్గరే వచ్చింది. ఆ ఒక్క విషయం మీద సర్వేయరు గారికీ నడక సంఘానికీ మూడు వారాలుగా పడటం లేదు.

సంఘం ఏటా అచ్చు వేసే కరపత్రంలో 'నాలుగు గంటల ముప్పై అయిదు నిమిషాలు' అని ఉంది. దాన్ని నమ్మి పొద్దున్నే బయల్దేరిన జనం మూడు గంటల్లోనే రేవుకు తిరిగొచ్చి, పడవ కోసం గంటన్నర గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటున్నారు. సంఘానికి ఉత్తరాల మీద ఉత్తరాలు వచ్చాయి. ఒకాయనైతే 'మీ దారిని కొలిచింది మనిషా, తాబేలా?' అని రాశాడు.

కొలిచింది సర్వేయరు గారే. ఉద్యోగంలో ఉన్న ముప్పై నాలుగేళ్లూ ఊళ్ల హద్దులు కొలిచిన మనిషి. ఆయన కొలతను వేలెత్తి చూపినవాడు లేడు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఈ పని నెత్తిన వేసుకున్నాడు. ఏటా వసంతంలో ఒకరోజు, భార్యను వెంటబెట్టుకుని, చేతిలో గడియారం, జేబులో నోటుపుస్తకం పెట్టుకుని దారంతా నడిచేవాడు. ఎంతసేపు పడితే అంత. నిమిషం పెంచడు, నిమిషం తగ్గించడు. దారిలో ఆగినసేపు కలపాలా వద్దా అని మొదట్లో ఆయన తటపటాయిస్తే, "ఆగడం కూడా నడకేనండీ, జనం బస్సులు కాదు కదా" అని తీర్పు చెప్పింది భార్య. ఆ తీర్పు ఆయనకు నచ్చింది. అప్పట్నుంచీ అదే పద్ధతి.

చలికాలంలో ఆవిడ పోయింది. వంటింట్లో గిన్నె కడుగుతూ కడుగుతూ కూలబడిపోయింది. ఆయన పక్క గదిలోంచి వచ్చేసరికే అయిపోయింది.

"సర్వేయరు గారూ, ఈసారి సమయం మార్చక తప్పదండీ" అంది సంఘం కార్యదర్శి ఫోన్లో. వయసులో చిన్నదే అయినా పట్టిన పట్టు వదిలే పిల్ల కాదు. "రేపు మధ్యాహ్నం ఒంటిగంటకు ప్రెస్సుకు పంపాలి. మీరు నడిచి చెబుతారా, మమ్మల్నే మూడు గంటలని వేసేసుకోమంటారా?"

"నేనే నడుస్తాను. ఒంటిగంటలోపు చెబుతాను" అన్నాడు ఆయన.

అసలు సంగతి ఆ పిల్లకు తెలియదు. ఆవిడ చీరలు చెల్లెలు పట్టుకెళ్లింది. కళ్లజోడు ఎక్కడ పెట్టారో కనిపించలేదు. ఇంట్లో ఆవిడ రాత అంటూ పాలవాడి చీటీ కూడా మిగల్లేదు. మిగిలిందల్లా ఆ నాలుగు గంటల ముప్పై అయిదు నిమిషాలే. అది ఆవిడ నడక. అచ్చులో, రెండు వేల కాగితాల మీద ఉన్న నడక. దాన్ని మూడు గంటలు చేసేస్తే ఆవిడను ఇంకోసారి సాగనంపినట్టే అనిపించింది ఆయనకు. పోనీ పాత అంకె మళ్లీ రాసి పడేద్దామంటే, నడవకుండా అంకె రాయడం ఆ చేతికి రాదు. అందుకని ఒక నిర్ణయానికొచ్చాడు. ఆవిడ నడిచినట్టే నడుస్తాడు, ఆవిడ ఆగిన చోటల్లా ఆగుతాడు. అప్పుడు ఎంత పడితే అంతే నిజం.

సరిగ్గా ఎనిమిదింటికి రేవు మెట్టు మీద నుంచి కాలు కదిపాడు.

సరస్సు వెంబడి దారి చదునుగా ఉంటుంది. ఒక పక్క రెల్లు, ఒక పక్క రాతిగోడ. ఆవిడ మొదట ఆగేది ఆ గోడ మలుపులో. ఆయన కూడా ఆగాడు. నీళ్ల మీద బాతులున్నాయి. సరే, బాతుల్ని చూసేది కాబోలు అనుకున్నాడు. రెండు నిమిషాలు చూశాడు. బాతుల్లో రెండు నిమిషాలకు మించి చూడ్డానికేమీ కనిపించలేదు. ఆవిడ అయిదారు నిమిషాలు నిలబడేది మరి.

రెండోది పళ్లతోట కంచె దగ్గర. అక్కడ పూతకొచ్చిన చెట్లున్నాయి, ఒప్పుకోవచ్చు. మూడోది ఎత్తు మొదలయ్యే చోట. అక్కడికొచ్చి ఆయన నాలుగు వైపులా తిరిగి చూశాడు. ఎదురుగా బోడి రాయి. పక్కన నీళ్ల గొట్టం. పువ్వు లేదు, పిట్ట లేదు, సరస్సు కూడా చెట్ల చాటుకు పోయింది. "ఇక్కడ ఏముందని నిలబడిపోయేదానివే?" అని పైకే అడిగాడు. ఆవిడ ఎప్పుడూ ఆ రాతికి చెయ్యి ఆనించి, "మీరు పదండి, నేను వెనకే వస్తున్నా" అనేది. ఆయన ముందుకు నడిచేవాడు. పై మలుపులో నిలబడి గడియారం చూసుకుంటూ, "నత్తమ్మగారూ! సాయంత్రానికైనా దయచేస్తారా?" అని కేకేసేవాడు. ఆ పేరు ఆయన పెట్టిందే. సంఘంలో అందరూ ఆ పేరుతోనే పిలిచేవారు, పిలిస్తే ఆవిడ నవ్వుతూ పలికేది.

ఆ రాతికి చెయ్యి ఆనించి చూశాడు. చల్లగా ఉంది. నాలుగు నిమిషాలు బలవంతాన నిలబడ్డాడు. ఏడేళ్లు కలిసి నడిచిన దారిలో భార్య ఏం చూస్తూ ఆగేదో ఆయనకు తెలియదన్నమాట. తెలిసేది ఎలా, ఆ నిమిషాల్లో ఆయన ఎప్పుడూ పై మలుపులో కదా ఉండేది. ఆ ఆలోచనకు ఆయనకు తన మీద తనకే చిరాకేసింది.

కొత్తగా వేసిన మెట్లెక్కి ఊళ్లోకి వచ్చేసరికి తొమ్మిదీ ఇరవై. పోయినేడు ఇదే చోటికి పదీ పావుకు చేరారు. ఎంత ఆగినా, కాళ్లు ఎంత ఈడ్చినా, ఇంత తేడా ఎలా పూడుతుందో అంతుచిక్కలేదు.

కొండ మీది ఊరంటే ఒకటే వీధి. కుళాయి, రొట్టెల దుకాణం, తపాలా గది, ఆ పక్కన దర్జీ ఆవిడ ఇల్లు. ఏటా ఆయన కుళాయి గట్టు మీద కూర్చుని లెక్కలు సరిచూసుకుంటుంటే, భార్య ఆ దర్జీ ఆవిడ గుమ్మంలో కబుర్లు చెబుతూ కూర్చునేది. ఆడవాళ్ల కబుర్లు కదా అని ఆయన ఎప్పుడూ అటు తొంగి చూడలేదు. ఇవాళ మాత్రం ఆవిడ ఆగిన ప్రతి చోటా ఆగాలి. వెళ్లి గుమ్మం ముందు నిలబడ్డాడు.

కిటికీ కింద కుట్టు మిషను, దాని మీద సగం కుట్టిన ప్యాంటు. దర్జీ ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక కాలరుకు టాకాలు వేస్తోంది. ఆయన్ని చూసి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది.

"ఈసారి ఒక్కరే వచ్చారేంటి? అక్కకు కుదర్లేదా?"

ఆయన సంగతి చెప్పాడు. దర్జీ ఆవిడ చేతిలో కాలరు ఒళ్లోకి జారింది. కాసేపు ఏడ్చింది. తర్వాత లేచి ఆయనకు స్టూలు వేసి, తను గుమ్మం మెట్టు మీద కూర్చుంది.

"గుండె ఆగిపోయింది. ఉన్నట్టుండి" అన్నాడు ఆయన, అందరికీ చెప్పినట్టే.

"ఉన్నట్టుండా?" అంది దర్జీ ఆవిడ.

ఆ అడగడంలో ఏదో ఉంది. ఆయన తలెత్తి చూశాడు.

"మీకు తెలియదా అండీ? మెట్లెక్కి ఇక్కడికొచ్చేసరికి అక్క పెదవులు నల్లబడిపోయేవి. ఇదిగో, ఈ మెట్టు మీద కూలబడేది. మంచినీళ్లిచ్చి వీపు రాస్తుంటే పావుగంటకు గానీ మాట వచ్చేది కాదు. మీరేమో అక్కడ కుళాయి దగ్గర రాసుకుంటూ ఉండేవారు."

"కబుర్లు చెప్పుకుంటున్నారనుకున్నాను" అన్నాడు ఆయన.

"ఊపిరందితే కదండీ కబుర్లు!" అనేసి, ఆవిడ వెంటనే నాలుక కరుచుకుంది. లోపలికెళ్లి కొలతల పుస్తకం తెచ్చింది. "అక్క నడక కోటు నేనే సరిచేసేదాన్ని. చూడండి. మొదటి ఏడాది చుట్టుకొలత ముప్పై ఎనిమిది. తర్వాత ముప్పై ఏడు. ముప్పై అయిదున్నర. పోయినేడు ముప్పై రెండు. 'ఇంక లోపలికి కుట్టడానికి చోటు లేదక్కా, డాక్టరుకు చూపించుకో' అన్నాను. 'ఈ నడక కానీ, చూపించుకుంటా' అంది. ఏటా అదే మాట."

"నాకు చెప్పొచ్చు కదమ్మా. నువ్వైనా చెప్పొచ్చు కదా."

"ఒట్టేయించుకుంది. 'చెబితే నన్ను ఇంట్లో కూర్చోబెట్టి ఆయనొక్కరే వెళ్తారు. ఆ మనిషి ఏడాది పొడుగునా ఏదో ఒకటి కొలుస్తూనే ఉంటారు, నేను పక్కనుండేది ఈ ఒక్కరోజే' అంది. మీరేదో పేరు పెట్టారట కదా, నత్తమ్మ అని. 'చూడవే, ఆయనకు అనుమానం కూడా రాలేదు, నేను సోమరిపోతుననుకుంటున్నారు' అని ఒకటే నవ్వేది."

సర్వేయరు గారు లేచి, వీధి దాటి, అలవాటు కొద్దీ వెళ్లి కుళాయి గట్టు మీదే కూర్చున్నాడు. జేబులోంచి నోటుపుస్తకం తీశాడు. ఒక ఏడాది అంకె రాశాక వెనక్కి తిరిగి చూసే అలవాటు ఆయనకు లేదు. ఈ ఏటి కొలతకు ఈ ఏటి కొలతే సాక్ష్యం అనేవాడు. ఇప్పుడు మొదటి పేజీ నుంచి తిరగేశాడు.

మొదటి ఏడు: మూడు గంటల పది. రెండో ఏడు: మూడు గంటల పన్నెండు. తర్వాత మూడూ ఇరవై అయిదు. మూడూ నలభై. నాలుగూ అయిదు. నాలుగూ ఇరవై. నాలుగూ ముప్పై అయిదు. ప్రతి అంకె పక్కనా ఆయన చేతిరాతతోనే కారణం కూడా ఉంది. 'వానలకు రాళ్లు జారాయి.' 'ఎత్తులో దారి పాడైంది, మెట్లు వేయమని ఊరి పెద్దలకు రాయాలి.' నిజంగానే రాశాడు కూడా. ఏడాదంతా తిరిగి, వాళ్ల ప్రాణం తోడి, నలభై రెండు మెట్లు వేయించాడు. ఆ ఏడాది అంకె ఇంకా పెరిగింది. పక్కన ఏం రాసుకున్నాడంటే, 'మెట్లు మరీ ఎత్తుగా కట్టారు.'

దారిది తప్పన్నాడు, వానది తప్పన్నాడు, తాపీమేస్త్రీది తప్పన్నాడు. పక్కన నడుస్తున్న మనిషి వంక మాత్రం చూడలేదు. ఆవిడ చావు కబురు ఏడేళ్లుగా ఆయన చేతే, నిమిషాలతో సహా, తప్పు పోకుండా రాయించుకుంటూ వచ్చింది. రాసి, సంతకం పెట్టి, రెండు వేల కాపీలు అచ్చు వేయించాడు.

మొదటి పేజీ అడుగున ఇంకో ముక్క ఉంది. 'ఆమె ముందు నడిచింది. రెండుసార్లు ఆగమని చెప్పాల్సి వచ్చింది.' ఆ సంగతి ఆయన పూర్తిగా మర్చిపోయాడు. ఎత్తులో ఆవిడ చకచకా ఎక్కేసి, పై మలుపులో నిలబడి, "ఏవండీ, రండీ" అని పిలిచిన రోజు ఒకటుంది. అది చదివాక ఆయన తట్టుకోలేకపోయాడు. నడివీధిలో, కుళాయి గట్టు మీద, అరవై తొమ్మిదేళ్ల మనిషి రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నీళ్లకొచ్చిన వాళ్లు బిందెలు పక్కన పెట్టి దూరంగా నిలబడ్డారు. దర్జీ ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.

ఆయన మళ్లీ లేచేసరికి పదీ యాభై ఒకటి.

దిగువ దారి అడవిలోంచి వెళ్తుంది. ఆ దారంతా ఎలా నడిచాడో ఆయనకే తెలియదు. ఆవిడ ఎక్కడెక్కడ ఆగేదో వెతుక్కునే ఓపిక లేదు, వెతుక్కోవలసిన అవసరమూ లేదు. ప్రతి చోటూ ఇప్పుడు దానంతటదే తెలిసిపోతోంది. చెయ్యి ఆనించడానికి ఒక చెట్టు, కూర్చోవడానికి ఒక రాయి, ఆయన వెనక్కి తిరిగి చూసినా కనిపించని ఒక మలుపు. అన్నీ చూస్తూనే దాటిపోయాడు. చెరువుగట్టు లాంటి పొడవాటి కట్ట మీదుగా సరస్సు అంచున నడిచి రేవు మెట్టు మీద కాలు పెట్టేసరికి గడియారంలో పన్నెండూ నలభై ఒకటి.

చేతులకు అలవాటైన పని కదా, అవే లెక్క కట్టాయి. ఎనిమిది నుంచి పన్నెండూ నలభై ఒకటి దాకా, నాలుగు గంటల నలభై ఒక్క నిమిషాలు. ఆగడం కూడా నడకే అన్న పద్ధతిలో ఎక్కడా అబద్ధం లేదు. పొద్దున ఆయన కోరుకున్నదానికంటే ఆరు నిమిషాలు ఎక్కువే వచ్చింది. ఈ అంకె చెబితే కరపత్రం మీద ఆవిడ నడక ఇంకో ఏడు నిలుస్తుంది. ఎవరూ కాదనలేరు.

ఊళ్లో గడిపిన గంటా ముప్పై ఒక్క నిమిషాలు తీసేసి చూశాడు. మూడు గంటల పది. ఆవిడ ముందు నడిచిన ఏటి అంకె.

ఒంటిగంటకు అయిదు నిమిషాలుందనగా ఫోన్ మోగింది.

"ఎంతొచ్చిందండీ?" అంది కార్యదర్శి.

"మూడు గంటల పది నిమిషాలమ్మా. అదే వేసెయ్యి."

"హమ్మయ్య! నేను మీతో పోట్లాడాల్సొస్తుందని భయపడి చచ్చాను" అని ఆ పిల్ల నవ్వింది. రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. "అదేంటండీ మరి, ఇన్నేళ్లూ అంతంత సేపు ఎలా పట్టింది? దారి బాగాలేదా?"

పడవ ఒడ్డుకు వచ్చి ఆగింది. దిగేవాళ్లు దిగుతున్నారు. ఏడేళ్లుగా ఆ ప్రశ్నకు ఆయన దగ్గర సమాధానాలు సిద్ధంగా ఉండేవి. ఇవాళ ఉన్నది ఒక్కటే. దాన్ని ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. డాక్టరుతో అనలేదు, ఇంట్లో అనలేదు, అనాల్సిన మనిషి పక్కనే ఉండగా అనలేదు.

"దారి బాగానే ఉందమ్మా" అన్నాడు. "మా ఆవిడకే ఒంట్లో బాగుండేది కాదు."